ఇంట్లో బిగించుకున్న పాత ఫిక్స్‌డ్ గేర్ సైకిలు: అమ్మే ముందు తేల్చుకోవలసినవి

సైకిలు సందేహాలకు జవాబులు

ఈసారి మూడు ఉత్తరాలను కలిపి తీసుకున్నాము. మూడూ పాత ఫ్రేము మీద సొంతంగా బిగించుకున్న ఫిక్స్‌డ్ గేర్ సైకిలు అమ్మకం గురించినవే. ఈ రకం సైకిలు ఎక్కని పాఠకుల కోసం ఒక మాట: దీనికి ఫ్రీవీలు ఉండదు. వెనక చక్రం తిరుగుతున్నంతసేపూ పెడళ్ళు తిరుగుతూనే ఉంటాయి, వాటిని వెనక్కి అదిమితే చక్రం నెమ్మదిస్తుంది. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం దగ్గరున్నటువంటి వెలోడ్రోములలో (సైకిలు పందేల కోసం కట్టిన ట్రాకులలో) పందేలకు దిగేవి ఈ రకం సైకిళ్ళే. అక్కడ బ్రేకులు ఉండవు. రోడ్డు సంగతి వేరు.

ప్రశ్న: ఒక పాత ర్యాలీ సైకిలు కొని, రంగు గీకించి కొత్త రంగు వేయించాను. రాడ్ బ్రేకులు, చైను కవరు, మడ్‌గార్డులు, క్యారియరు, స్టాండు తీయించి ఆ సామానంతా గోనెసంచిలో కట్టి అటక మీద పెట్టాను. చక్రాలు పాతవే, రిమ్ములకు క్రోమియం పూత వేయించాను. మెకానిక్కు వెనక ఫ్రీవీలు విప్పి, అదే మర మీద 16 పళ్ళ చక్రం ఎక్కించి, ఊడకుండా జిగురు పూసి, బయట ఒక రింగు బిగించాడు. ముందు 48 పళ్ళ పాత చైన్‌వీలు, కొంగ బొమ్మ ఉన్నది, అలాగే ఉంచాను. ముందు చక్రానికి కొత్తగా కాలిపర్ బ్రేకు పెట్టించాను. రిమ్ముల పూత, పుల్లలు, టైర్లకు 6 వేలు, రంగుకు 4 వేలు, తోలు సీటుకు 5 వేలు, హ్యాండిలు, పెడళ్ళు, బ్రేకుకు 3 వేలు, ఫ్రేముకూ కూలికీ 5 వేలు, మొత్తం 23 వేల రూపాయలు అయింది. బదిలీ మీద ఊరు మారుతున్నాను. ‘వింటేజ్ ఇంగ్లిష్ ర్యాలీ ఫిక్సీ, 30 వేలు’ అని ప్రకటన ఇస్తే ఇద్దరే వచ్చారు. ఒకరు 6 వేలు అన్నారు. రెండో ఆయన నడిపి చూసి, దిగబోతూ పడబోయి, మాట్లాడకుండా వెళ్ళిపోయారు. ధర ఎంత చెప్పాలి, ప్రకటన ఎలా రాయాలి?
– ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: ధర కంటే ముందు మీ వెనక చక్రం గురించి మాట్లాడుకోవాలి. ఎందుకంటే ఆ చక్రాన్ని ఇప్పుడున్న స్థితిలో మీరు ఎంత తక్కువ ధరకైనా ఇంకొకరికి అప్పగించకూడదని నా అభిప్రాయం.

ఫిక్స్‌డ్ గేరుకు వాడవలసిన ట్రాక్ హబ్బు (చక్రం మధ్యలో ఇరుసు మీద తిరిగే భాగం) మీద మరలు రెండు మెట్లుగా ఉంటాయి. లోపలి మెట్టు కుడి మర, అంటే కుడివైపు తిప్పితే బిగిసేది, దాని మీద పళ్ళచక్రం ఎక్కుతుంది. బయటి మెట్టు కాస్త తక్కువ వ్యాసంతో, ఎడమ మరతో ఉంటుంది, దాని మీద లాక్‌రింగు బిగుస్తుంది. ముందుకు తొక్కితే పళ్ళచక్రం బిగుసుకుంటుంది, వెనక్కి అదిమితే విప్పుకోవాలని చూస్తుంది. అది కదలబోయినప్పుడు ఎదురు మర మీదున్న లాక్‌రింగు మరింత బిగుసుకొని దాన్ని ఆపుతుంది. మొత్తం కీలకమంతా ఆ ఎదురు మరలోనే ఉంది. పాత రోడ్‌స్టర్ (రోజువారీ వాడకానికి చేసిన మామూలు) సైకిలు హబ్బుకు ఉన్నది ఫ్రీవీలు కోసం కోసిన కుడి మర ఒక్కటే. ఆ మర కొలత 1.37 అంగుళాలు, అంగుళానికి 24 చుట్లు. ట్రాక్ పళ్ళచక్రం మర కూడా సరిగ్గా అంతే కావడం వల్ల అది ఫ్రీవీలు స్థానంలో చక్కగా ఎక్కి కూర్చుంటుంది, చూసేవారికి అంతా సవ్యంగానే ఉన్నట్టు కనిపిస్తుంది. మీ మెకానిక్కు బయట బిగించిన రింగు బహుశా బీబీ కప్పుకు, అంటే పెడళ్ళ ఇరుసు తిరిగే చోట బిగించే కప్పుకు, వాడే లాక్‌రింగు అయి ఉంటుంది, దాని మర కూడా అదే కొలత. కాని అది కూడా కుడి మరే కాబట్టి పళ్ళచక్రం విప్పుకున్న రోజున రింగు దాన్ని ఆపదు, దానితోపాటే తిరుగుతుంది. మిగిలేది జిగురు పట్టు ఒక్కటే.

మన మెకానిక్కులు ఇలా ఎందుకు చేస్తారో కూడా చెప్పుకోవాలి, వారిని తప్పు పట్టి ప్రయోజనం లేదు. పాత రోడ్‌స్టర్లలో ముందు చక్రానికి 32 పుల్లలు, వెనక చక్రానికి 40 పుల్లలు ఉంటాయి. బజారులో దొరికే ట్రాక్ హబ్బులు చాలావరకు 32 లేదా 36 రంధ్రాలవి. 40 రంధ్రాల రిమ్ముకు అవి కుదరవు. కొత్త హబ్బు అంటే కొత్త రిమ్ము, కొత్త పుల్లలు, చక్రం మళ్ళీ కట్టే కూలి. అంత ఖర్చు ఎందుకని ఉన్న హబ్బుతోనే కానిచ్చేస్తారు. ఫ్రీవీలుకు వెల్డింగు పెట్టి బిగించేసేవారు కూడా ఉన్నారు. దానికీ ఇదే లోపం ఉంది, పైగా వెల్డింగు వేడికి హబ్బు కూడా పాడైతే ఆ చక్రం ఇక దేనికీ పనికిరాదు.

నా మాట మీద నమ్మకం కుదరకపోతే మీరే పరీక్షించుకోవచ్చు. పళ్ళచక్రం మీద నుంచి హబ్బు మీదికి ఆగకుండా వచ్చేలా సన్నటి కుంచెతో తెల్ల రంగు గీత ఒకటి గీసి ఆరనివ్వండి. వాహనాలు లేని మైదానంలో మెల్లగా నడుపుతూ, చేయి బ్రేకు మీదే ఉంచుకొని, పెడళ్ళను కొన్నిసార్లు గట్టిగా వెనక్కి అదమండి. దిగి చూసినప్పుడు గీత రెండు ముక్కలై, ఒకటి ఇంకొకదానికి వెంట్రుకవాసి పక్కకు జరిగినా జిగురు పట్టు వదిలిందని అర్థం. జరగకపోతే ఇంకా వదలలేదని మాత్రమే అర్థం.

ముందు బ్రేకు ఉంది కదా అంటారేమో. అక్కడ ఇంకో చిక్కు ఉంది. రాడ్ బ్రేకుల కోసం చేసిన పాత వెస్ట్‌వుడ్ రిమ్ముకు పక్కలు చదునుగా ఉండవు, గుండ్రంగా వంపు తిరిగి ఉంటాయి. రాడ్ బ్రేకు రబ్బర్లు రిమ్మును లోపలి వైపు నుంచి, అంటే పుల్లలు దిగే వైపు నుంచి, పైకి లాగి పట్టుకుంటాయి. కాలిపర్ బ్రేకు మాత్రం రిమ్మును పక్కల నుంచి నొక్కుతుంది, నొక్కడానికి అక్కడ చదునైన చోటే లేదు. దానికి తోడు మీరు క్రోమియం పూత వేయించారు. క్రోమియం రిమ్ము మీద వానలో రబ్బరు బ్రేకు ఎలా పట్టుకుంటుందో పాత సైకిళ్ళు తొక్కిన వారందరికీ తెలుసు. కాబట్టి మీ సైకిలుకు వెనక జిగురు బ్రేకు, ముందు అలంకారపు బ్రేకు ఉన్నాయి.

క్రాంకులను (పెడళ్ళు బిగించే చేతులను) ఇరుసుకు పట్టి ఉంచే కాటర్ పిన్నులు కూడా చూడండి. మామూలు సైకిలులో ఆ పిన్ను మీద బలం ఒకే దిశలో పడుతుంది, ఫిక్స్‌డ్ గేరులో రెండు దిశలలోనూ పడుతుంది కాబట్టి త్వరగా వదులవుతుంది. ఒక క్రాంకును గట్టిగా పట్టుకొని రెండోదాన్ని ముందుకూ వెనక్కూ కదిపినప్పుడు ‘టక్’మని చప్పుడు వస్తే పిన్ను మార్పించండి. పాత పిన్ను నట్టునే ఇంకా బిగించబోతే దాని మర తెగుతుంది.

ఇక మీ ముందున్న దారులు రెండు. మొదటిది ట్రాక్ హబ్బు వేసి, పక్కలు చదునుగా ఉండే అల్యూమినియం రిమ్ములతో రెండు చక్రాలూ కొత్తగా కట్టించి, నిజమైన ఫిక్స్‌డ్ గేర్ సైకిలుగా అమ్మడం. మీ పాత 28 అంగుళాల రిమ్ము వ్యాసం 635 మిల్లీమీటర్లు, ఇప్పుడు వాడుకలో ఉన్న 700సి రిమ్ము వ్యాసం 622 మిల్లీమీటర్లు కాబట్టి కొత్త రిమ్ము ఆరున్నర మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. కాలిపర్ చేతులు అంత కిందికి అందుతాయో లేదో ముందే కొలుచుకోవాలి. రెండో దారి ఆ పళ్ళచక్రాన్ని వేడి చేసి జిగురు మెత్తబడ్డాక విప్పించి, మరలు తినేయలేదని చూసుకొని, మళ్ళీ ఫ్రీవీలు వేయించి, అటక మీది సంచి దింపి రాడ్ బ్రేకులు తిరిగి బిగించడం. మీ రిమ్ములు చేసిందే ఆ బ్రేకుల కోసం. ఊరు మారబోయే మనిషి, ఇప్పటికే 23 వేలు పెట్టిన మనిషి, ఇంకా చక్రాలకు డబ్బు పోయడం నాకు సబబుగా తోచదు. మీకు రెండో దారే మంచిది. ఫిక్స్‌డ్ పళ్ళచక్రాన్ని, రింగును, కాలిపర్‌ను ఒక డబ్బాలో పెట్టి సైకిలుతోపాటు ఇచ్చేయండి. కొనేవారికి ఆ సరదా ఉంటే సరైన హబ్బు కొనుక్కొని వారే వేయించుకుంటారు.

‘ఇంగ్లిష్ ర్యాలీ’ అన్న మాటకు మీ దగ్గర ఆధారం ఉందా? కొంగ బొమ్మ చైన్‌వీలు ఆధారం కాదు. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో తయారైన ర్యాలీ వేరు, 1950ల నుంచి పశ్చిమ బెంగాల్‌లోని ఆసన్‌సోల్‌లో సేన్-ర్యాలీ కంపెనీ తయారు చేసిన ర్యాలీ వేరు. ఆ కంపెనీని తర్వాత కేంద్ర ప్రభుత్వం తీసుకొని 1980లో జాతీయం చేసింది. మన ఊళ్ళలో తిరిగిన ర్యాలీలలో చాలావరకు ఆసన్‌సోల్‌వే. ఫ్రేము ముందు గొట్టానికి ఉండే బిళ్ళ మీద, చైన్‌వీలు మీద, పెడళ్ళ మీద ఏం రాసి ఉందో చూసి, ఉన్నది ఉన్నట్టు రాయండి. ఆసన్‌సోల్ ర్యాలీ అని చెప్పుకోవడంలో చిన్నతనమేమీ లేదు. ఇంగ్లిష్‌ది అని నమ్మి వచ్చినవారు బిళ్ళ చూసిన తర్వాత మీరు చెప్పే మిగతా నిజాలను కూడా నమ్మరు.

అసలు రంగు, దాని మీది గీతలు, అక్షరాలు గీకించేశారు కాబట్టి పాత సైకిళ్ళు సేకరించేవారు దీనికి పెద్ద ధర పెట్టరు. రంగుకు, క్రోమియానికి, కూలికి పెట్టిన డబ్బు తిరిగి వస్తుందని ఆశ పెట్టుకోవద్దు. అది మీ ముచ్చటకు అయిన ఖర్చు. తోలు సీటు బాగుంటే దానికి విడిగా సగం ధర అయినా వస్తుంది, దాన్ని తీసి పాత సీటు వేయండి. 6 వేలు అన్నాయన మిమ్మల్ని చులకన చేయలేదు, సైకిలును బాగానే చూశారు. బ్రేకులు సరిచేసి, సామానంతా చేర్చి, 9 వేలు చెప్పి 7 వేలకు ఇవ్వవచ్చునని నా అంచనా.

ప్రకటన ఇలా ఉంటే చాలు: ‘పాత ర్యాలీ, 22 అంగుళాల ఫ్రేము, భారతదేశంలో తయారైనది. రంగు కొత్తది, అసలు రంగు లేదు. చక్రాలు, చైన్‌వీలు, రాడ్ బ్రేకులు పాతవి. కొంతకాలం ఫిక్స్‌డ్ గేరుగా మార్చి నడిపాను, ఇప్పుడు ఫ్రీవీలు తిరిగి వేయించాను. చైను కవరు, మడ్‌గార్డులు, క్యారియరు, స్టాండు విడిగా ఉన్నాయి, వాటిని కూడా ఇస్తాను.’ ఫ్రేము కొలత, తయారైన చోటు మీవి సరిచూసి రాయండి. బొమ్మలు తీసేటప్పుడు చైన్‌వీలు ఉన్న వైపు నుంచి ఒకటి, ముందు బిళ్ళ, ఫ్రేము నంబరు, వెనక హబ్బు దగ్గర నుంచి ఒక్కొక్కటి, తుప్పు ఉన్న చోట ఒకటి తీయండి. తుప్పు బొమ్మ పెట్టిన ప్రకటనకు ఫోన్లు తక్కువ వస్తాయి, వచ్చినవారు కొంటారు.

సైకిలు మోటారు వాహనం కాదు కాబట్టి రిజిస్ట్రేషను, యాజమాన్య బదిలీ వంటివి లేవు. వెనకటికి మునిసిపాలిటీలు, పంచాయతీలు పన్ను కట్టించుకొని ఇచ్చిన సైకిలు బిళ్ళ ఏదైనా ఫ్రేముకు అంటి ఉంటే తీయకండి, దాని మీది ఊరు, సంవత్సరం సైకిలు వయసును చెబుతాయి. మీరు మాత్రం ఒక తెల్ల కాగితం మీద తేదీ, ఫ్రేము నంబరు, ధర, బ్రేకులు చూపించి అప్పగించిన సంగతి రాసి ఇద్దరూ సంతకాలు చేసి చెరొక ప్రతి ఉంచుకోండి.

ప్రశ్న: నేను నాటింగ్‌హామ్‌లో ఉంటున్నాను. 1970లనాటి ఒక ర్యాలీ రేసింగ్ ఫ్రేమును, ‘రేనాల్డ్స్ 531’ అని స్టిక్కరు ఉన్నదాన్ని, స్వయంగా ఫిక్స్‌డ్ గేరుగా మార్చుకున్నాను. ట్రాక్ హబ్బు, లాక్‌రింగు అన్నీ సరైనవే వేశాను. చూడడానికి శుభ్రంగా ఉంటుందని బ్రేకులు మాత్రం రెండూ తీసేశాను. వచ్చే వేసవిలో విశాఖపట్నం తిరిగి వచ్చేస్తున్నాను కాబట్టి అమ్మేయాలి. ‘బ్రేకులు లేవు, కొనేవారిదే బాధ్యత’ అని రాస్తే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, ఇంగ్లండు

జవాబు: సరిపోదు. బ్రిటన్‌లో రోడ్డు మీద నడిపే సైకిలుకు ముందు చక్రం మీద పనిచేసే బ్రేకు ఉండాలని 1983నాటి నిబంధనలు చెబుతున్నాయి. ఫిక్స్‌డ్ గేరును వెనక బ్రేకు కింద లెక్క వేసుకోవచ్చు గాని ముందు బ్రేకుకు మినహాయింపు లేదు. సైకిలు పాతదన్న వాదన కూడా ఇక్కడ నిలవదు. 2016లో లండన్‌లో ముందు బ్రేకు లేని ఫిక్స్‌డ్ గేర్ సైకిలు ఢీకొని రోడ్డు దాటుతున్న ఒక మహిళ మరణించగా, నడిపిన యువకుడికి మరుసటి సంవత్సరం 18 నెలల శిక్ష పడింది. ఆ తర్వాత అక్కడ ఈ సైకిళ్ళ గురించి కొంత తెలిసినవారెవరూ ముందు బ్రేకు లేనిదాన్ని రోడ్డు మీద నడపడానికి కొనరు. తెలియనివారికి అమ్మడం మీకు తగదు.

మీ ఫ్రేము రోడ్డు సైకిలుది కాబట్టి ఫోర్కుకు బ్రేకు రంధ్రం ఎలాగూ ఉంటుంది, పని పెద్దది కాదు. ఒక్కటి మాత్రం కొలుచుకోండి. ఆ కాలపు ఫ్రేములు చాలావరకు 27 అంగుళాల చక్రాలకు చేసినవి, వాటి రిమ్ము వ్యాసం 630 మిల్లీమీటర్లు. మీరు 700సి చక్రం వేసి ఉంటే రిమ్ము నాలుగు మిల్లీమీటర్లు కిందికి వచ్చి ఉంటుంది. చేతులు పొడవున్న కాలిపర్ తీసుకుంటే సరిపోతుంది. వెనక ఫోర్కు ఎడం, అంటే హబ్బు కూర్చునే ఖాళీ వెడల్పు, కూడా చూడండి. ఐదారు గేర్ల రోడ్డు ఫ్రేములకు 120 లేదా 126 మిల్లీమీటర్లు ఉంటుంది, ట్రాక్ హబ్బుది 120. 126 ఉన్నదాన్ని వాషర్లు వేసి సరిచేశారా, నట్లు బిగించి ఫోర్కునే దగ్గరికి లాగారా అన్నది కొనేవారు అడగక ముందే ప్రకటనలో రాయండి.

రేనాల్డ్స్ 531 అన్నది 1935లో బర్మింగ్‌హామ్‌లో మొదలైన మాంగనీస్-మాలిబ్డినం ఉక్కు గొట్టం. ఆ పేరుకు ఇప్పటికీ గిరాకీ ఉంది, అందువల్లనే స్టిక్కరును ఎవరూ పూర్తిగా నమ్మరు. కొత్త స్టిక్కర్లు అచ్చు వేసి అమ్మేవారున్నారు, పైగా 531 ఫ్రేములన్నీ ఒక స్థాయివి కావు. కొన్నింటికి మూడు ప్రధాన గొట్టాలే ఆ ఉక్కువి, మిగతావి మామూలువి. స్టిక్కరులోనే ఆ తేడా రాసి ఉంటుంది, దాన్ని స్పష్టంగా బొమ్మ తీసి పెట్టండి. సీటు పోస్టు కొలత 27.2 మిల్లీమీటర్లు అయితే మంచి గొట్టమన్న మాటకు కొంత బలం వస్తుంది గాని అది రుజువు కాదు. ఫ్రేము నంబరును బైక్‌రిజిస్టర్ పట్టికలో చూసుకోండి. పోలీసులు వాడే పట్టిక అది. పాత ఫ్రేము చేతులు మారుతూ వచ్చినప్పుడు ఎక్కడో దొంగతనం కింద నమోదై ఉండవచ్చు, ఆ సంగతి కొనేవారి నోట వినడం కంటే మీరే ముందు తెలుసుకోవడం మంచిది. మీ పేరున నమోదై ఉంటే అమ్మిన తర్వాత మార్పించండి.

పళ్ళ లెక్క కూడా రాయండి. ఫిక్స్‌డ్ గేర్ సైకిలు కొనేవారు మొదట అడిగేది అదే. 48 పళ్ళ చైన్‌వీలుకు వెనక 16 ఉంటే పెడల్ ఒక చుట్టుకు చక్రం కచ్చితంగా మూడు చుట్లు తిరుగుతుంది. అందువల్ల ఒకే కాలు ముందుంచి వెనక చక్రాన్ని జార్చి ఆపే అలవాటున్నవారికి టైరు ఎప్పుడూ ఒకే చోట అరుగుతుంది. వెనక 17 వేస్తే ఆ అరుగుదల 17 చోట్లకు పంచుకుంటుంది. ఒక్క పన్నుతో ఇంత తేడా వస్తుందని చాలామంది నమ్మరు, కాగితం మీద లెక్క వేస్తే నమ్ముతారు. మీ వెనక టైరును ఒకసారి తిప్పి చూడండి, ఒకచోట దారాలు బయటపడి ఉంటే దాన్ని మార్చి అమ్మండి.

నడిపి చూస్తామని వచ్చినవారి గురించి మీరు అడగలేదు గాని, సికింద్రాబాద్ పాఠకుడి అనుభవం చూశారు కదా. మామూలు సైకిలు అలవాటున్నవారు వేగం తగ్గించబోతూ కాలు ఆపుతారు, కాలు ఆగినా పెడల్ ఆగదు, మనిషిని సీటు మీంచి లేపేస్తుంది. ఇంతకు ముందు ఫిక్స్‌డ్ గేర్ నడిపారా అని సూటిగా అడగండి. లేదంటే సీటు ఒక అంగుళం దించి, పాదాలను కట్టిపడేసే పట్టీలు ఊడదీసి, బండ్లు తిరగని సమతలం మీద, మీరు పక్కన నడుస్తుండగా తొక్కించండి. మలుపుల్లో కూడా పెడళ్ళు తిరుగుతూనే ఉంటాయి కాబట్టి సైకిలు వంచితే లోపలి పెడల్ నేలకు తగులుతుందని ముందే చెప్పండి. షూ లేసులు, వదులు ప్యాంటు కాళ్ళు చైనులో పడకుండా చూడండి. మామూలు సైకిలులో చైనులో బట్ట పడితే కాలు ఆపి బయటపడతాము, ఇందులో ఆ వీలు లేదు. చైను వదులు సంగతి: పైభాగాన్ని వేలితో నొక్కితే అర అంగుళం వరకు కదలవచ్చు. అంతకు మించి వేలాడుతూ ఉంటే నడపనివ్వకండి, చైను ఊడితే వెనక బ్రేకు కూడా పోయినట్టే.

ప్రశ్న: మా నాన్నగారు రైల్వేలో ఫిట్టరుగా పనిచేసి పదవీ విరమణ చేశారు, కిందటేడు కాలం చేశారు. ఆయన బి.ఎస్.ఎ. సైకిలు ఒకటి మా ఇంట్లో ఉంది. వెనక హబ్బును ఆయనే లేతు మీద పట్టి ఎడమ మర కోసి, దానికి రింగు కూడా తయారు చేసి, ఫ్రీవీలు లేకుండా బిగించుకున్నారు. ఆ పనికి సంబంధించిన కొలతలు, బొమ్మ ఆయన నోటుపుస్తకంలో ఉన్నాయి. ముందు రాడ్ బ్రేకు ఉంది. నల్ల రంగు చాలాచోట్ల పోయింది, టైర్లు పగిలాయి. ఫ్రీవీలు వేయించి, రంగు కొట్టిస్తే మంచి ధర వస్తుందని సైకిలు షాపు అతను అంటున్నాడు. ఇంట్లో నడిపేవారు లేరు, పాత ఇనుము కింద పోవడం ఇష్టం లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అమ్మా, షాపు అతను చెప్పినవి రెండూ చేయించకండి. అతను చెడు ఉద్దేశంతో చెప్పి ఉండడు. వీధిలో తొక్కే సైకిలుకైతే అదే సరైన సలహా. మీ సైకిలు విలువ అంతా అతను తీసేయమంటున్న పనిలోనే ఉంది.

మొదటి ఉత్తరంలో 23 వేలు పెట్టి చేయించిన సైకిలుకు లేని ఎదురు మర మీ నాన్నగారి హబ్బుకు ఉంది. ఫ్రీవీలు మర వెడల్పు తక్కువ. అందులో పళ్ళచక్రానికి కావలసినంత వదిలి, బయటి అంచును సన్నగా తరిగి, మిగిలిన ఆ కొద్దిపాటి చోటులో ఎడమ మర కోయాలి. అది కూడా హబ్బు గోడ పలచబడిపోకుండా కోయాలి. చేయి తిరిగిన ఫిట్టరు మాత్రమే తలపెట్టే పని. నోటుపుస్తకంలో కొలతలు ఉన్నాయంటున్నారు కాబట్టి కొనేవారు ఆ పనిని నమ్మడానికి అదే గట్టి ఆధారం. ఆ పుటల నకలు తీయించి సైకిలుతోపాటు ఇవ్వండి, అసలు పుస్తకం మీ దగ్గరే ఉంచుకోండి.

రంగు పోయినా పోనివ్వండి. బి.ఎస్.ఎ. సైకిళ్ళకు బంగారు గీతలు, ముందు గొట్టం మీద మూడు తుపాకుల గుర్తు ఉంటాయి. ఆ గుర్తు ఎంత మాసిపోయినా అసలుదే అయితే కొత్త రంగు కంటే విలువైనది. చైన్‌వీలులో బి.ఎస్.ఎ. అక్షరాలు కోసి ఉన్నాయేమో చూడండి. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్ కంపెనీ తన సైకిళ్ళ వ్యాపారాన్ని 1957లో ర్యాలీకి అమ్మేసింది. మన దేశంలో ఆ పేరుతో సైకిళ్ళు చేసింది చెన్నై దగ్గర అంబత్తూరులోని టీఐ సైకిల్స్. మీది ఎక్కడిదో బిళ్ళ మీద చూసి రాయండి. కొన్న రసీదు నాన్నగారి కాగితాలలో దొరికితే ఇంకా మంచిది.

తుడిచే పని మాత్రం మీరు చేయవచ్చు. మెత్తటి పాతబట్ట మీద కొద్దిగా మిషను నూనె వేసి, దుమ్మును రుద్దకుండా అద్దుతూ తీయండి. తుప్పును ఉప్పుకాగితంతో గీకవద్దు, నీళ్ళ పైపుతో కడగవద్దు. టైర్లు పగిలాయి కాబట్టి గాలి కొట్టి నడిపించే ప్రయత్నం చేయకండి. 28 అంగుళాల, ఒకటిన్నర అంగుళం వెడల్పు టైర్లు మన దేశంలో ఇప్పటికీ దొరుకుతాయి, కొనేవారు వేసుకుంటారు. హబ్బు గోళీలు, కోన్లు విప్పించడం కూడా వారికే వదిలేయండి. తెలియని చేతులు విప్పితే నాన్నగారు చేసిన రింగు మర చెడిపోయే ప్రమాదం ఉంది.

ఎవరికి అమ్మాలన్నదే అసలు ప్రశ్న. రోజూ తొక్కడానికి చవకగా వస్తుందని అడిగేవారికి వద్దు, వారు మొదట చేసే పని ఫ్రీవీలు వేయించడమే. పాత సైకిళ్ళు సేకరించేవారు, లేతు పని తెలిసినవారు, ఫిక్స్‌డ్ గేర్ సైకిళ్ళు నడిపేవారు విజయవాడలో కాకపోయినా హైదరాబాదులోనో చెన్నైలోనో దొరుకుతారు. తొందరపడకండి. ధర మీరు ముందు చెప్పకుండా, హబ్బు బొమ్మలు నాలుగు వైపుల నుంచి, నోటుపుస్తకంలోని బొమ్మ ఒకటి పంపి, వారినే చెప్పమనండి. ముగ్గురు నలుగురు చెప్పిన తర్వాత ఎవరు హబ్బు గురించి ఎక్కువ ప్రశ్నలు అడిగారో చూసుకొని, వెయ్యి రూపాయలు తక్కువ అయినా వారికే ఇవ్వండి. సొంత వాడకానికి ఉంచుకున్న సైకిలు అమ్మితే దాని మీద ఆదాయపు పన్ను లెక్కలేమీ ఉండవు, ఆ భయం పెట్టేవారి మాట వినకండి.

అప్పగించే రోజున ఒక జాగ్రత్త తీసుకోండి. వీధిలో నమ్మకస్తుడైన మెకానిక్కును పిలిచి, చైను కలిపే లింకు విప్పించి, చైనును విడిగా సంచిలో వేసి ఇవ్వండి. అలా చేస్తే బండి ఎక్కించేటప్పుడు వెనక చక్రం సులువుగా దొర్లుతుంది, పగిలిన టైర్లతో ఎవరూ అక్కడికక్కడే ఎక్కి తొక్కి చూడలేరు. కొత్త టైర్లు వేసి, ముందు బ్రేకు రబ్బర్లు మార్చిన తర్వాతనే చైను ఎక్కించాలని రసీదులో ఒక వాక్యం రాయించండి.